బండికి నోరెక్కడ?

మా బావ కురుమయ్య కొబ్బరికాయ కొడితే, నీళ్లు దేవుడికి పోయాయా పూజారి చెంబులోకి పోయాయా అని వంగి చూసే మనిషి. అట్లాంటివాడు యుద్ధం అయిపోయిన మరుసటి ఏడు, ఆముదాల కాలం మొదట్లో, సికింద్రాబాదు వేలంలో ఒక కొత్త లారీ కొనుక్కొచ్చాడంటే తిరుమలగిరి అంగడి అంగడే నోరు తెరిచింది. యుద్ధం కోసమని ఓడలో తెప్పిస్తే, అది దిగేలోపు యుద్ధమే అయిపోయిందట. పచ్చరంగు మీద ఒక్క గీత లేదు.

తెచ్చి ఇంటిముందు నిలబెట్టిన గంటకే మా బావకు అనుమానం పట్టుకుంది.

"ఐలిగా, గింత మంచి బండిని మిలిట్రోళ్లు ఎందుకు ఇడిచిపెట్టిన్రంటవ్?"

"యుద్ధానికి రమ్మంటె భయపడ్డదట బావా. ఉచ్చ పోసుకున్నదట. సూడు కింద."

కింద నిజంగానే నీళ్లు కారుతున్నాయి, ఇంజనుకు ఎక్కువ పోసినవి. మా బావ వంగి, వేలు తడిపి, వాసన చూసి, నా వైపు కోపంగా చూశాడు. చూసి, మళ్లీ ఇంకోసారి వాసన చూశాడు.

నా పేరు ఐలేశం. మా అక్క బిక్షమ్మను ఆ ఇంటికి ఇచ్చినప్పుడు తోడుగా వచ్చి, మళ్లీ పోలేదు. మూడో జమాతులో పంతులు కుర్చీకి దురదగొండి రాసినందుకు నా చదువు అక్కడితోనే సంపూర్ణమైంది. బస్తాలు ఎత్తడం, దించడం నా పని. మిగతా పొద్దంతా ఎవరినో ఒకరిని ఆడించకపోతే నాకు తిన్నది అరగదు.

ఆ ఇంట్లో అప్పటికే ఒక లారీ ఉంది. చిన్నది. ముందర ఇద్దరు కూర్చునే గూడు, వెనక చెక్క తొట్టి. మా బావ తండ్రి ఎడ్లబండ్లు కిరాయికి తోలేవాడు. ఆయన పోయాక మా బావ ఎడ్లను అమ్మి దాన్ని కొన్నాడు. కొనేనాటికే అది రెండిళ్లు తిరిగి వచ్చిన బండి. దాని వెంటే అబ్దుల్ ఖాదర్ అనే డ్రైవరు వచ్చాడు. పదేళ్లుగా ఎడ్లకొట్టంలో ఆ లారీ, మా అరుగు మీద ఖాదర్. ఆయన మా సాలమ్మవ్వ చేతి అన్నం తిన్నన్ని పూటలు కన్నతల్లి చేతిది కూడా తిని ఉండడు. సాలమ్మవ్వ అంటే మా బావ తల్లి.

ఆ పాతదాన్ని అందరం ముసలిది అనేవాళ్లం. దానికి ఒక కన్ను లేదు. తలుపును తాడుతో కట్టాలి. వానపడితే బయట నిలబడ్డవాడికన్నా లోపల కూర్చున్నవాడే ముందు తడుస్తాడు. అయినా హ్యాండిలు వేసి తిప్పితే రెండుసార్లు దగ్గి, మూడోసారికి లేచేది. యుద్ధం రోజుల్లో పెట్రోలు దొరక్క సగానికి సగం గ్యాసునూనె, అదే కిరసనాయిలు, కలిపి పోసినా ఉమ్మేయకుండా తాగింది. ఆముదాల బస్తాలు నింపుకుని జనగామ స్టేషనుకు పోయి, ఖాళీ తొట్టితో గలగలలాడుతూ తిరిగొచ్చేది. దారిలో నిలబడి పరువు తీసిన పాపాన ఎన్నడూ పోలేదు.

కొత్తదానికి నేను జవాను అని పేరు పెట్టాను. దాన్ని తోలడానికి మేళ్లచెరువు వైపు నుంచి ఏసోబు అనే పిల్లగాడు కుదిరాడు. మిలిట్రీలో లారీలు తోలి వచ్చినవాడు. ఖాకీ నిక్కరు, మోకాళ్లదాకా మేజోళ్లు, అద్దం లాంటి బూట్లు. పొద్దున లేచి ముందు బూట్లు తుడిచి, తర్వాత మొహం కడుక్కునేవాడు.

"గీ ముసల్దాన్ని ఇగ తూకానికి అమ్ముండ్రి. ఇనుమన్న వస్తది," అన్నాడు వచ్చిన పూటే.

ఖాదర్ గడ్డం నిమురుకున్నాడు. "నీ జవాను మీట నొక్కితె లేస్తది. నా ముసల్ది పిలిస్తె లేస్తది. ఒకనాడు లేవకుంటె ఏం జేస్తవ్ బేటా?"

"ఇంకోసారి నొక్కుత."

"అప్పటికీ లేవకుంటె?"

ఏసోబు నవ్వేశాడు. మా బావ మాత్రం ఆ మాటను మనసులో రాసిపెట్టుకున్నాడు. 'లేవకుంటె' అని ఖాదర్ ముందుగానే ఎందుకన్నాడు అని.

నేను ఊరుకుంటానా? మర్నాడు పొద్దున జవాను మొహం ముందర పచ్చజొన్న చొప్ప మోపు వేసి, పక్కన కుడితి గోళెం పెట్టాను. దాని ముందు అద్దానికి బొట్టు, మెడకని ఒక గంట. పోయేవాళ్లు వచ్చేవాళ్లు నిలబడి విరగబడి నవ్వారు. సాలమ్మవ్వ ఒక్కతే నవ్వలేదు.

"ఏం నవ్వుడురా గది? ఇంటికి కొత్త పసురం వస్తె మచ్చిక జేసుకోవాలె. గడ్డి తినకుంటె ఏం తింటదో అడిగి పెట్టాలె గని."

ఏసోబు మురిసిపోయాడు. ఆ ఇంట్లో వాడి బండి గురించి మర్యాదగా అడిగిన మొదటి మనిషి ఆమె. అవ్వ చెయ్యి పట్టుకుని జవాను చుట్టూ తిప్పాడు. "గివి కండ్లు అవ్వా. గిది గొంతు, గిట్ల నొక్కితె అరుస్తది. గిదిగో, గిది నోరు. గీ మూత తిప్పి పెట్రోలు పోస్తె కడుపులకు పోతది." పెట్రోలు ట్యాంకు పక్కకే ఉంది, నిలబడితే చేతికందేంత ఎత్తులో. అవ్వ దాని మూతను నిమిరి, "మంచిగున్నది బిడ్డా, పెద్ద నోరు," అంది.

నెలరోజులు జవాను దొరలాగా తిరిగింది. ముసలిది రెండు రోజులు మోసే సరుకును ఒక్క పూటలో చేరేసి వచ్చేది. మా బావ అంగట్లో తలపాగా కొంచెం పైకి కట్టడం మొదలుపెట్టాడు. ముసలిదానికి పల్లెల మీద చిన్న కిరాయిలు మిగిలాయి. ఖాదర్ వాటికే పోయేవాడు. మిగతా వేళ పెట్రోలు పీపాకు కాపలా. ఆ రోజుల్లో పెట్రోలు దొరకడం కష్టం కనుక పీపా కొట్టానికి తాళం ఉండేది, ఆ తాళంచెవి ఖాదర్ మొలతాడుకు ఉండేది.

మాఘమాసంలో ఒకనాడు జనగామ దారిలో, వాగు దాటి ఎక్కుడు ఎక్కుతూ జవాను దగ్గింది. రెండుసార్లు ఎగిరింది. ఆగిపోయింది. ఏసోబు మీట నొక్కాడు. ఇంకోసారి నొక్కాడు. ఆ తర్వాత ఏం చెయ్యాలో తెలియక బూట్లు తుడుచుకున్నాడు.

ఎండలో బస్తాల మీద పడుకున్న నేను దిగి, వచ్చే ఎడ్లబండ్లను ఆపి, "అన్నా, మా మిలిట్రీ బండికి మీ ఎడ్లను జర పరిచయం చెయ్యున్రి," అని బతిమాలుతున్నాను. అంతలో వెనక నుంచి గలగల, గలగల. ఒంటికన్నుతో ముసలిది. ఖాదర్ దిగి, తాడు కట్టి, జవానును లాక్కుంటూ ఊళ్లోకి తెచ్చాడు. సరిగ్గా అంగడి నడిమధ్య నుంచి.

"కురుమన్నా! అత్తను కోడలు మొయ్యాలె గని, కోడల్ని అత్త మోస్తాందేందే?" అని మిర్చి అమ్మే పుల్లమ్మ కేక వేసింది. అంగడంతా నవ్వింది. మా బావ తలపాగా కిందికి దించుకున్నాడు.

అది మొదలు. వారం తిరగక ముందే మళ్లీ. ఏసోబు విప్పి, ఊది, కడిగి, మళ్లీ బిగించేవాడు. రెండు రోజులు నడిచేది, మూడోరోజు దగ్గేది. సన్నని గొట్టం లోపలి నుంచి వాడు పుల్లతో తీసిన జిగటను మా అందరికీ చూపించాడు.

"పెట్రోలుల ఎవలో ఏదో కలుపుతున్నరు."

అందరం వాసన చూశాం. ఆముదం వాసనే. అయితే ఆ కాలంలో మా వైపు ఆముదం వాసన రానిది ఏముంది? దీపంలో ఆముదం, తలకు ఆముదం, బాలింతకు ఆముదం, బండి ఇరుసుకు ఆముదం. బస్తాలు మోసే నా చెయ్యి నా ముక్కు దగ్గర పెట్టుకున్నా అదే వాసన. కనుక ఆ వాసన వల్ల ఎవరికీ ఏమీ తెలియలేదు. ఖాదర్ కూడా చూశాడు. పుల్లను కొంచెం ఎక్కువసేపు పట్టుకున్నాడని ఇప్పుడు అనిపిస్తుంది.

మా బావ ఆ రోజు నుంచి మనిషి కాదు, కుక్కముక్కు అయిపోయాడు. మొదట నా దగ్గరికే వచ్చాడు.

"ఐలిగా, నిజం జెప్పు. నువ్వే గద?"

"బావా, మా అక్క తోడు, నేను గాదు."

"మొన్న నా చెప్పుల జిల్లేడు పాలు పోసినప్పుడు గూడ మీ అక్క తోడన్నవ్."

"అప్పుడు రెండో అక్క మీద ఒట్టేసిన."

"నీకు రెండో అక్క లేదుగదరా!"

"అందుకే ఏసిన. ఇప్పుడు బిక్షమ్మక్క మీదనే ఏస్తున్న."

మా అక్క పొయ్యి దగ్గర నుంచి గరిటెతో వచ్చింది. నా నెత్తి మీద ఒకటి వేసి, "వాడు గాదు. వాడైతే ఇప్పటికి పదిమందికి జెప్పుకుంట తిరిగేటోడు," అంది. ఆ మాట మా బావకు సబబుగా తోచింది. నాకు కొంచెం కష్టమనిపించింది గానీ, నిజమే మరి.

నన్ను వదిలి పుల్లమ్మను అనుమానించాడు, అంత గట్టిగా నవ్వింది కనుక. ఎడ్లబండ్ల వాళ్లను అనుమానించాడు, కిరాయిలు పోయాయి కనుక. ఏసోబును అనుమానించాడు, బూట్లు అంత శుభ్రంగా ఉండేవాడు లోపల శుభ్రంగా ఉండడని. చివరికి తిరిగి తిరిగి ఒకచోట ఆగాడు. జవాను పాడైతే ఎవరి బండికి పని? పీపా తాళంచెవి ఎవరి మొలకు ఉంది? 'లేవకుంటె' అని మొదటిరోజే అన్నది ఎవరు?

నాకు కూడా మనసులో పురుగు తొలిచింది. పదేళ్ల సావాసం, ఒకే దుప్పటి కింద ఎన్నో రాత్రులు లారీలో పడుకున్నవాళ్లం. అయినా ఖాదర్ ముసలిదాన్ని తుడుస్తుంటే, ఎందుకు అంత ప్రేమగా తుడుస్తున్నాడు అని చూడటం మొదలుపెట్టాను. అనుమానం దోమ లాంటిది. పక్కవాడిని కుట్టి మన మీద వాలుతుంది.

ఆ రోజుల్లోనే ఇంకొకటి జరిగింది. ఎడ్లకు మందు పోసే వెదురు గొట్టం ఒకటి ఎడ్లు పోయినా కొట్టం గోడకు వేలాడుతూనే ఉండేది. ఎద్దు మేత ముట్టకపోతే ఆ గొట్టం నోట్లో పెట్టి మందు ఒంపేవాళ్లు. నేను దాన్ని జవాను గొంతు లాగా 'పోం' అని ఊది, మధ్యాహ్నం కునుకు తీసే మా బావను లేపేవాణ్ని. ఒకనాడు ఊదితే పెదవులకు జిడ్డు అంటింది. పాత జిడ్డే అనుకుని తుడుచుకుని, రెండోసారి ఊదాను.

చివరికి మా బావే అన్నాడు. "నీ కోతిపనులు ఒక్కపారన్న ఇంటికి పనికి రావాలె. దొంగచెయ్యి దొరికేటట్టు ఏదన్న జెయ్యి."

అరుగులకు పూసే ఎర్రజాజు తెచ్చి, నూనెలో కలిపి, పీపా మూతకు కనపడకుండా రాశాను. ముట్టుకున్నవాడి చెయ్యి ఎర్రబడుతుంది, నీళ్లతో పోదు. ఆ రోజు ముసలిదానికి కిరాయి లేదు, పీపా తెరిచే పని ఎవరికీ లేదు. మధ్యాహ్నం అన్నాలకు కూర్చోగానే మా బావ లేచి నిలబడ్డాడు.

"అందరు చేతులు సాపున్రి."

చాపాం. ఏసోబు చేతులు సబ్బు వాసన. నావి బస్తాల మురికి. మా అక్కవి మసి. సాలమ్మవ్వ కూడా పిల్లల ఆట అనుకుని రెండు చేతులూ చాచింది, వాటికి ఆముదం జిడ్డు తప్ప ఏమీ లేదు. మా బావ ముక్కు కొన మాత్రం ఎర్రగా ఉంది. నమ్మకం కుదరక పొద్దున తనే పోయి మూత వాసన చూసి వచ్చాడన్నమాట. నేను నవ్వబోయాను. అంతలో ఖాదర్ చేతులు చాచాడు.

రెండు అరచేతులూ ఎర్రగా ఉన్నాయి.

"పీపా ఎందుకు ముట్టినవు?"

"వాసన సూసిన కురుమన్నా. పీపాల ఏం లేదు. సాఫ్‌గ ఉన్నది."

"నిన్నెవలు సూడమన్నరు?"

ఖాదర్ ఏదో చెప్పబోయాడు. పీపాలో లేకపోతే మరి ఎక్కడ నుంచి వస్తున్నట్టు అనే మాట ఆయన నోటిదాకా వచ్చిందని నాకు తెలుసు, పెదవి కదిలింది. అప్పుడే ఆయన కళ్లు పక్కకు తిరిగాయి. అవ్వ ఇంకా చేతులు చాచే ఉంది, దింపమని ఎవరూ చెప్పలేదు కనుక. ఖాదర్ ఆ చేతులను చూశాడు. నోరు మూసుకున్నాడు.

మా బావే అందుకున్నాడు. "పదేండ్లు, ఖాదర్. తమ్ముని లెక్క సూసుకున్న." తర్వాత తండ్రి పటం వైపు తిరిగి గట్టిగా అన్నాడు. "జవాను కడుపుల గీ జిగట పోసిన చెయ్యి ఎవలదైనా సరే, ఇయ్యాల్టి సంది గా చెయ్యి నా ఇంట్ల అన్నం ముట్టద్దు. మా నాయిన మీద ఆన."

"మంచిగన్నవు కొడుకా," అంది అవ్వ.

ఖాదర్ కంచం ముందు నుంచి లేచాడు. మొలతాడు నుంచి తాళంచెవి విప్పి గూట్లో పెట్టాడు. 'నేను కాదు' అనలేదు, 'అవును' అనలేదు. "నీ మాట నా మీదనే ఉండని కురుమన్నా," అన్నాడు, అంతే. వాకిట్లోకి పోయి చెప్పులు తొడుక్కుంటూ, "అవ్వా, పోయొస్త," అన్నాడు.

"అన్నం తినకుంట యాడికిరా?"

"కట్టంగూరు. మా జాహేదక్క తానకు."

ముసలిది రేకు మీద ఒకసారి చెయ్యి వేసి పోయాడు. తప్పు చేయనివాడు ఎందుకు అరవడు, ఎందుకు కొట్లాడడు అని ఆ రోజంతా ఆలోచించాను. అందుకే, మా బావ చేసింది సరైందేనేమో అని కూడా అనుకున్నాను.

ఖాదర్ పోయినా జవాను దగ్గు పోలేదు. ఫాల్గుణంలో ఒకటికి రెండుసార్లు వాగు దగ్గరే కూలబడింది. ముసలిదాన్ని లేపుదామంటే ఏసోబు హ్యాండిలు తిప్పి తిప్పి అరచేతులు పొక్కించుకున్నాడు. అది దగ్గడానికి కూడా ఒప్పుకోలేదు. మా ఆముదాల బస్తాలు మళ్లీ ఎడ్లబండ్లు ఎక్కాయి. మా బావకు అప్పటికీ ఖాదరే కనిపించాడు.

"ముసల్ది ఇక్కడ ఉన్నంత కాలం వాని మనసు గీడనే ఉంటది. అమ్మిపారేస్త. పీడ పోతది."

సూర్యాపేట నుంచి యాదగిరి అనే పాత ఇనుము బేరగాడు వచ్చాడు. మా బావ అరుగు మీద తలపట్టుకుని కూర్చుంటే, చూపించే పని నాకు పడింది. యాదగిరి చక్రాలను తన్నాడు, తొట్టిని గీకాడు, ఇంజను మూత ఎత్తాడు.

"గీ డబ్బ ఏందన్నా? ఏ బండికీ సూడలే."

వంగి చూశాను. ఇంజను పక్కన, ఇనుప తీగతో భద్రంగా కట్టిన రేకు డబ్బా. పైన మూత, మూతకు చిన్న పిడి. డబ్బా అడుగున సూదిమొనంత చిల్లు. ఆ చిల్లు లోనుంచి కారేది ఇంజనులోకి పోదు, తిన్నగా కింది స్ప్రింగు పట్టీల మీద పడుతుంది. మూత తీశాను. లోపల ఆముదం, ఏళ్లకేళ్లుగా పేరుకుని తేనెలాగా ఉంది. పిడి మాత్రం మెరుస్తోంది. వేళ్లు తగిలీ తగిలీ అరిగిన మెరుపు.

"మూత పెట్టురా ఐలిగా, దుమ్ము పడుతది," అంది వెనక నుంచి అవ్వ. చేతిలో పసుపు కుంకుమల పళ్లెం ఉంది. ఎద్దును అమ్మేటప్పుడు బొట్టు పెట్టి పంపినట్టు ముసలిదానికి పెట్టడానికి వచ్చింది. "పదేండ్ల సంది గా నోట్లెనే పోస్తున్న. ఖాదరు సూపిచ్చిండు. గందుకే ఎన్నడన్న దగ్గిందా, పండిందా?"

యాదగిరి వెనక తొట్టి వైపు పోయేదాకా ఆగి, మెల్లగా అడిగాను. "అవ్వా, జవానుకు గూడ పోస్తున్నవా?"

"పొయ్యనా మరి? ఎడ్లున్ననాడు గూడ అమాస అమాసకు పోసేదాన్ని. దీనికి డబ్బ లేదుగని పెద్ద నోరున్నది. గొట్టం పెట్టి పోస్తున్న." ఆమె ముఖం దిగులుగా అయింది. "పాపం, దగ్గు వచ్చినంక అమాస దాకా ఆగబుద్ధి కాలే. వారం వారం పోస్తున్న. అయినా తగ్గకపాయె."

నా పెదవుల మీది జిడ్డు గుర్తొచ్చింది. చాచిన రెండు చేతులు గుర్తొచ్చాయి. ఖాదర్ మూసుకున్న నోరు గుర్తొచ్చింది.

అవ్వ సంగతి మీకు ఒకటి చెప్పాలి. మా బావ తండ్రి ఒకప్పుడు కోపంలో 'నా చెలకల కాలు పెట్టకు' అన్నాడట. ఆయన చచ్చిపోయేదాకా ఆమె ఆ చెలక గట్టు కూడా ఎక్కలేదు. కలుపుకు పోలేదు, కోతకు పోలేదు. ఆయనే బతిమాలినా పోలేదు. మాట అన్నాక మాటే అనేది. ఇప్పుడు ఆ చచ్చిపోయినాయన మీదే కొడుకు ఆన పెట్టాడు, ఆ చెయ్యి ఇంట్లో అన్నం ముట్టకూడదని. తను పోసేది మందు అనుకుంటున్నంత కాలం ఆ మాట ఆమెను తాకదు. జిగట అదే అని తెలిసిన పూట ఆ మనిషి కంచం బోర్లిస్తుంది.

అవ్వ ముసలిదానికి బొట్టు పెట్టి లోపలికి పోయింది. మా బావ అరుగు దిగి వస్తున్నాడు. "ఏందిరా? ఏం దొరికింది?"

డబ్బా మూత పెట్టి, ఇంజను మూత దించాను.

"నేనే బావా."

"ఏంది నువ్వే?"

"జవాను ట్యాంకుల ఆముదం పోసింది. నవ్వులాటకు మొదలుపెట్టిన. మిలిట్రీ బండికి కూడ విరేచనాలయితయా అని. ఆగబుద్ధి కాలే."

యాదగిరి ఫక్కున నవ్వాడు. మా బావ నవ్వలేదు. నా మొహం చూశాడు. ఆ మనిషి నా జన్మలో నేను చెప్పిన ఏ ఒక్క మాటా నమ్మలేదు. ఇది మాత్రం ఒక్క గింజ మిగలకుండా నమ్మాడు.

"మీ అక్క మీద ఒట్టేసినవు గదరా."

తల తిప్పాను. గడప దగ్గర మా అక్క నిలబడి ఉంది. చేతిలో గరిటె ఉన్నా నా దగ్గరికి రాలేదు.

"నాయిన మీద పెట్టిన ఆన యాదికున్నదా?" అన్నాడు మా బావ.

"ఉన్నది."

"అయితె గట్లనే."

మా బావ యాదగిరిని వెనక్కి పంపి, ఖాదర్‌ను పిలుచుకురమ్మన్నాడు. ఆ సాయంత్రమే నేనూ ఏసోబూ జనగామ దారి కాకుండా నల్లగొండ దారి పట్టి, దొరికిన బండి ఎక్కి తెల్లారేసరికి కట్టంగూరు చేరాం. ఖాదర్ వాళ్లక్క ఇంటిముందు వేపపుల్ల నములుతూ కూర్చుని ఉన్నాడు.

"కురుమన్న రమ్మన్నడు," అన్నాను. "జిగట పోసింది నేనే అని తేలిపోయింది."

ఖాదర్ గట్టిగా నవ్వాడు. "నువ్వా? వారం వారం ఒక్కటే పని చేసేటంత ఓపిక నీకేడిది?"

"డబ్బ సూసిన," అన్నాను.

నవ్వు ఆగింది. పుల్ల పక్కన పెట్టాడు. "అవ్వకు తెలిసిందా?"

"లేదు."

"కురుమన్నకు?"

"లేదు."

"అయితె పా."

ఆయన వచ్చి హ్యాండిలు వేసి పిలిచాడు. ముసలిది రెండుసార్లు దగ్గి లేచింది. తర్వాత జవాను ట్యాంకు దించి, వేడినీళ్లతో కడిగి, ఎండలో బోర్లించి, మళ్లీ బిగించారు ఇద్దరు డ్రైవర్లూ కలిసి. అంతా అయ్యాక ఖాదర్ ఒక రేకు డబ్బా తెచ్చాడు. అడుగున సూదితో చిల్లు పెట్టి, జవాను ఇంజను పక్కన తీగతో కట్టాడు. ఏసోబు ఏదో అడగబోతే వాడి అద్దం లాంటి బూటు మీద కాలు వేశాడు.

"అవ్వా, గిటు రాయే. జవాను నోరు ఇది. ఆ పెద్దది నోరు గాదు, ఈ పోరడు కొత్తోడు, తెల్వక సూపిచ్చిండు."

అవ్వ ఏసోబును ఎగాదిగా చూసింది. "బూట్లు తుడుసుడు గాదు బిడ్డా, బండిని తెలుసుకోవాలె."

ఉగాది దాకా రెండు బండ్లూ జనగామ దారి మీద ఒకదాని వెనక ఒకటి నడిచాయి. జవాను మళ్లీ దగ్గలేదు. ఏ లారీ మేలు, పాతదా కొత్తదా అని అంగట్లో ఇప్పటికీ వాదించుకుంటారు. నన్ను అడిగితే, డబ్బా కట్టినవాడిని అడగండి అంటాను.

నేను మాత్రం ఇంట్లో అన్నం తినలేదు. ఆన ఇంటికే గానీ వాకిటికి లేదు కదా. మా అక్క కంచం తెచ్చి ముసలిది మెట్టు మీద పెట్టేది, నేను అక్కడ కూర్చుని తినేవాణ్ని. ఆమె కొన్నాళ్లు నాతో మాట్లాడలేదు. ఒకనాడు అట్లా తింటుంటే సాలమ్మవ్వ గిన్నె పట్టుకుని జవాను నోట్లో ఆముదం పోసి, మూత పెట్టి, నా దగ్గరికి వచ్చి నిలబడింది. అసలు సంగతి అంతా అర్థమైనట్టు మొహం పెట్టుకుని ఉంది. నా చేతిలో ముద్ద అట్లాగే ఆగిపోయింది.

"ఓరి ఐలిగా. నువ్వు గూడ పోసినవట గదరా?"

"...అవునవ్వా."

"గదీ సంగతి! నేననుకుంట, సరిగ్గ కొలత సూసి పోస్తున్న, ఎందుకు దగ్గుతాంది అని. నేను పోసినంక మల్ల నువ్వు పోస్తివి. రెండు పాళ్లు మందు పోస్తె దున్నపోతన్న ఆగుతదా? జర అడగద్దా నన్ను?"

"తప్పయిందవ్వా."

"ఒక్క చెయ్యే పొయ్యాలె మందు," అని తిట్టుకుంటూ లోపలికి పోయింది.

నేను తల ఎత్తాను. ముసలిదానికి అవతల పక్కన మా బావ నిలబడి ఉన్నాడు, చెంబుతో. ఎప్పటి నుంచి ఉన్నాడో తెలియదు. చెంబు వంగి, నీళ్లు ఆయన కాళ్ల మీద పడుతున్నాయి. ఆయన చూసుకోవడం లేదు.

లోపలికి పోయాడు. కొంచెంసేపటికి చేతిలో తన కంచంతో బయటికి వచ్చాడు.

"జర జరుగు బామ్మర్ది."

జరిగాను. ఇద్దరం మెట్టు మీద ఇరుకుగా కూర్చున్నాం. మా బావ ముద్ద కలిపాడు, నోటిదాకా తెచ్చాడు, ఆగాడు. వాసన చూశాడు. నా వైపు ఓరగా చూశాడు.

"గిండ్ల ఏం కలుపలేదు గద?"